లడ్లోలో నాలుగు రాత్రులు, ఒక వంటిల్లు

సోమవారం

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చి ఏడు వారాలైంది. "అమ్మా, ఎప్పుడూ మా వెంటే తిరుగుతున్నారు, ఈసారి మీరిద్దరే ఎక్కడికన్నా పోయి రండి" అని పట్టుబట్టింది. హోటల్ మాత్రం వద్దన్నాను. మా ఆయనకు షుగర్, వేళకు కడుపులో ఏదో ఒకటి పడాలి. నాకు బయటి తిండి రెండు పూటలు సరే, మూడో పూటకు చేతులు పొయ్యి కోసం వెతుక్కుంటాయి. మా అల్లుడు అప్పటికప్పుడు ఫోన్ తీసి, "అత్తా, సెల్ఫ్ కేటరింగ్ ఫ్లాట్ చూస్తా. ఇల్లంతా మీదే, మీకు నచ్చింది వండుకోవచ్చు" అన్నాడు. శని ఆదివారాలు అద్దె ఎక్కువట. అందుకని సోమవారం నుంచి శుక్రవారం వరకు, నాలుగు రాత్రులు తీసుకున్నాం.

ఊరి పేరు లడ్లో. ష్రాప్‌షైర్‌లో, వేల్స్ సరిహద్దుకు దగ్గర. న్యూ స్ట్రీట్ స్టేషన్‌లో రైలెక్కి, ష్రూస్‌బరీలో మారితే ఇంకో అరగంట. సూట్‌కేసులో బట్టలు తక్కువ, సరుకులు ఎక్కువ: చిన్న కుక్కర్, పోపు డబ్బా, రాగిపిండి, చెనిక్కాయల పొడి, కందిపప్పు, బియ్యం. అమ్మాయి చూసి "సంసారం పెట్టడానికి పోతున్నారా" అని నవ్వింది. నేను నిజంగా అందుకే పోతున్నాను.

స్టేషన్ నుంచి ఊరి నడుమకు పది నిమిషాల నడక, కాస్త ఎక్కుడు. దారిలో ఫెదర్స్ అనే పాత హోటల్ ముఖం కనబడింది. నల్లటి చెక్క దూలాలు, మధ్యలో తెల్లటి సున్నం, ఒక్క జానెడు కూడా చెక్కడం లేకుండా వదల్లేదు. 1619 నాటిది. అక్కడే నిలబడిపోయాను. మా ఆయన "సామాను పెట్టేసి వద్దాం పా" అంటే కదిలాను.

కానీ సామాను పెట్టడానికి చాలాసేపు పట్టింది. తాళంచెవి తలుపు పక్కన గోడకు బిగించిన చిన్న పెట్టెలో ఉంటుంది, నాలుగంకెల నంబరు తిప్పితే తెరుచుకుంటుంది. మాకు పంపిన నంబరుకు అది తెరుచుకోలేదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. తుంపర మొదలైంది. ఇద్దరం సూట్‌కేసు మీద గొడుగు పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాం. నాకు టెన్షన్ పెరిగిపోయింది. మా ఆయనకు మాత్ర వేసుకునే వేళ దాటుతోంది. కింద దుకాణంలో ఉన్నామె మమ్మల్ని లోపలికి పిలిచి, కుర్చీలేసి, ఎవరికో ఫోన్ చేసి కొత్త నంబరు కనుక్కుంది. వారం కిందటే మార్చారట. మాకు చెప్పడం మరిచారు. ఇట్లాంటి ఇల్లు తీసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: బయల్దేరే రోజు పొద్దున మళ్ళీ ఒకసారి నంబరు అడగండి, తినేది ఏదైనా చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఫ్లాట్ బ్రాడ్ స్ట్రీట్‌లో, దుకాణం మీద రెండో అంతస్తు. వీధి వైపు చూస్తే తీర్చిదిద్దిన ఇటుక గోడ, వరసగా పొడుగాటి కిటికీలు. లోపలికి పోతే వంగిన పాత దూలాలు. ఈ వీధిలో చాలా ఇళ్ళు అంతేనట. చెక్కతో కట్టిన పాత ఇంటికి పద్దెనిమిదో శతాబ్దంలో ఇటుక ముఖం తొడిగారు. ఇంటి నేల ఒకవైపుకు వాలి ఉంది. సంచిలోంచి జారిన ఎర్రగడ్డ ఒకటి వంటింటి గడప దగ్గర మొదలై, మంచం కిందికి దొర్లి, గోడకు తగిలేదాకా ఆగలేదు.

వంటింట్లో గ్యాస్ లేదు, నల్ల గాజు పలక మీద నాలుగు కరెంటు పొయ్యిలు. రెండు బాణలిలు, ఒక లోతు గిన్నె, మొండి కత్తులు. ఫ్రిజ్‌లో పాలు, వెన్న, బల్ల మీద రొట్టె మాకోసం పెట్టి ఉంచారు. ఒక ఫైలులో చెత్త ఏ రోజు బయట పెట్టాలో, వేడినీళ్ళు ఎట్లా వస్తాయో అన్నీ రాసిపెట్టారు. ఆ రాత్రి పెసరపప్పు, అన్నం, చెనిక్కాయల పొడి. తొమ్మిదిన్నరకు కూడా ఇంకా వెలుగుంది. కిటికీలోంచి చూస్తే వీధి వాలుగా దిగిపోయి, పాత ఊరిగోడ గుమ్మం కిందుగా నది వైపు పోతోంది. మన ఊళ్ళో మిద్దె మీద నుంచి వీధిని చూసినట్టే చాలాసేపు చూస్తూ కూర్చున్నాం.

మంగళవారం

ఈ రోజంతా కోటకే సరిపోయింది. పదకొండో శతాబ్దం చివర్లో, ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్లు వేల్స్ వాళ్ళను కాచుకోవడానికి కట్టిన కోట ఇది. కింద టీమ్ నది, పైన రాతి గోడలు. లోపల గుండ్రటి ప్రార్థన మందిరం ఒకటుంది, పన్నెండో శతాబ్దం నాటిది. పైకప్పు పోయింది కానీ గుమ్మం మీది కమానులో రాతి చెక్కడం ఇంకా పదునుగా ఉంది.

ఏడో హెన్రీ రాజు పెద్దకొడుకు ఆర్థర్ పెళ్ళయిన కొద్ది నెలలకే, 1502 ఏప్రిల్‌లో ఇక్కడే చనిపోయాడు. పదిహేనేళ్ళు. ఆ పిల్లాడి భార్య, స్పెయిన్ నుంచి వచ్చిన కేథరీన్‌ను తరవాత తమ్ముడు ఎనిమిదో హెన్రీ పెళ్ళాడాడు. ఆమెకు విడాకులివ్వాలనే గొడవలోనే ఇంగ్లండ్ పోప్‌తో తెగతెంపులు చేసుకుంది. వేల్స్ పాలన చూసే మండలి ఈ కోటలోనే కూర్చునేది. 1689లో మండలిని రద్దు చేశాక ఇక్కడ కాపురముండే వాళ్ళు లేక, కప్పులు కూలి శిథిలమైంది.

ఆ తరవాతి సంగతి దగ్గర నా అడుగు ఆగింది. 1811లో ఈ కోటను ప్రభుత్వం దగ్గర కొన్నది పోవిస్ ప్రభువు. ఇప్పటికీ ఆ ఎస్టేటుదే. ఆ పోవిస్ ప్రభువు ఎవరంటే ఎడ్వర్డ్ క్లైవ్, మన దేశంలో ఈస్టిండియా కంపెనీ ఏలుబడికి పునాది వేసిన రాబర్ట్ క్లైవ్ పెద్దకొడుకు. లడ్లో తరఫున ఇరవై ఏళ్ళు పార్లమెంటు సభ్యుడిగా ఉండి, 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరుగా పనిచేశాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పాతికేళ్ళు సోషల్ చెప్పాను. మాది ప్రొద్దుటూరు. "1800లో నిజాం కడప, బళ్ళారి, అనంతపురం, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి ఇచ్చాడు, అవే దత్త మండలాలు" అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ ఏడు మద్రాసులో గవర్నరు కుర్చీలో ఉన్నది ఈ ఎడ్వర్డే. మన్రోను మా వైపు కలెక్టరుగా పంపిందీ ఆ కాలంలోనే. అంతకు ముందు 1765లో ఉత్తర సర్కార్లకు మొగలు చక్రవర్తి దగ్గర ఫర్మానా సంపాదించింది తండ్రి రాబర్ట్. కోస్తా తండ్రి హయాంలో, సీమ కొడుకు హయాంలో కంపెనీ చేతికి పోయాయి. ఎడ్వర్డ్ భార్య హెన్రియెటా 1800లో కూతుళ్ళను వెంటబెట్టుకుని మద్రాసు నుంచి మైసూరు దాకా పోయి వచ్చింది. టిప్పు సుల్తాన్ గుడారం వేల్స్‌లో వాళ్ళ పోవిస్ కోటలోనే ఉంది.

క్లాసులో చెప్పేటప్పుడు గవర్నరు పేరు ఎప్పుడూ పిల్లలకు చెప్పలేదు. పుస్తకంలో లేదు, నేనూ వెతకలేదు. నిజాం ఇచ్చాడు, కంపెనీ పుచ్చుకుంది, అంతే. ఇక్కడ ఆ గోడ నీడలో నిలబడితే ఇచ్చిపుచ్చుకోవడంలో మా ఊరి రైతును ఎవరూ అడగలేదన్న మాట గొంతులో అడ్డం పడింది. కోపం అనను. ఒక కుటుంబం కాగితాల్లో మా కడపా, ఈ లడ్లో కోటా ఒకే చేతి కింద నడిచాయని తెలిశాక ఈ రాళ్ళను పరాయి ఊరి రాళ్ళలా చూడలేకపోయాను. మా ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, "రిటైరైనావు కాబట్టి సరిపోయింది, లేకుంటే రేప్పొద్దున పిల్లలకు రెండు పీరియడ్లు ఇదే చెప్పేదానివి" అన్నారు. చెప్పేదాన్నే.

బుధవారం

సంత రోజు. కోట గుమ్మం ఎదుటి మైదానంలో సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో సంత ఉంటుంది. చారల గుడ్డ కప్పుల కింద కూరగాయలు, రొట్టెలు, జున్ను ముద్దలు, పూలమొక్కలు, పాత పుస్తకాలు. వందల ఏళ్ళుగా ఈ ఊరు బతికింది సంతతోనే. మొదట ఉన్ని, తరవాత బట్ట, ఆ తరవాత చేతితొడుగుల కుట్టు. 1826లో ఫ్రెంచి తొడుగుల మీద నిషేధం ఎత్తేసరికి ఆ పని పడిపోయింది. మా వీధి పైకొసన బటర్‌క్రాస్ అని రాతి కట్టడం ఉంది, పైన గడియారం. దాని కిందే వెన్న అమ్మేవాళ్ళు, పేరు అందుకే.

నేను సంచి పట్టుకుని పోయాను. నిన్నటిదాకా చేతిలో ఫోన్ ఉంటే అందరూ పక్కకు జరిగి ఫోటోకు దారి ఇచ్చేవారు. ఈ రోజు సంచి చూసి "ఏం కావాలమ్మా" అన్నట్టు పలకరించారు. జూన్ మొదటివారం కాబట్టి కొత్త ఉర్లగడ్డలు మట్టితోనే ఉన్నాయి, స్ట్రాబెర్రీలు అప్పుడే మొదలు. పాలకూర రెండు కట్టలు తీసుకున్నాను. పక్కన ఎర్రటి పొడుగాటి కాడలు మోపుగా ఉన్నాయి. రూబార్బ్. ఇక్కడివాళ్ళు చక్కెర వేసి తీపి చేసుకుంటారు. మా అమ్మాయి గోంగూర దొరకనప్పుడు దాంతోనే పప్పు చేస్తుంది, అందుకే నాకు పరిచయం. అమ్మే పెద్దాయన ఆకులున్న కొస కత్తితో కోసి పారేసి, "ఆకు విషం, కాడే తినాలి" అని రెండుసార్లు చెప్పాడు. దేనికి అని అడిగాడు. పప్పుకు, కారంతో అన్నాను. నమ్మలేనట్టు చూసి, కాడలు తూచి, ముల్లు నిలిచేదాకా ఆగి ఇచ్చాడు. మా ప్రొద్దుటూరు మార్కెట్‌లో అయితే కొసరు అడుగుతాను. ఇక్కడ అడగడానికి మొహమాటపడ్డాను.

సామాను ఫ్లాట్‌లో పెట్టి సెయింట్ లారెన్స్ చర్చికి పోయాం. దాని గోపురం నలభై మీటర్ల ఎత్తు, ఊళ్ళో ఎక్కడ నిలబడినా అది కనబడుతుంది. మెట్లు రెండు వందలు. మా మోకాళ్ళతో అయ్యే పని కాదు. కానీ కింద చూసింది నేను ఈ జన్మకు మరవను.

గాయకులూ పూజారులూ కూర్చునే చెక్క పీటలు రెండు వరసలుగా ఉన్నాయి, మొత్తం ఇరవై ఎనిమిది. గంటల తరబడి నిలబడి ప్రార్థన చేయాలి కదా, ముసలివాళ్ళు ఆనుకోవడానికి పీటను పైకి మడిస్తే కింద చిన్న అంచు ఉంటుంది. ఆ అంచు కింద, ఎవరూ చూడని చోట, బొమ్మలు చెక్కారు. పద్నాలుగు, పదిహేను శతాబ్దాల పని. ఒకదాని మీద గుడ్లగూబ. ఒకదాని మీద చలికి పొయ్యి ముందు కూర్చున్న మనిషి, పక్కన కుండ. ఇంకోదాని మీద బీరు కాచి అమ్మే ఆడమనిషి. కొలత తక్కువ పోసి జనాన్ని మోసం చేసింది. దయ్యం ఒకటి ఆమెను తలకిందులుగా భుజాన వేసుకుని నరకం నోట్లోకి మోసుకుపోతోంది. ఇంకో దయ్యం పాపాల చిట్టా చదువుతోంది. మరొకటి తిత్తి బాజా ఊదుతోంది. ఆ ఆడమనిషి ఒంటి మీద బట్ట లేదు, తలపాగా మాత్రం ఉంది, చేతిలో ఆ దొంగ కొలత చెంబు ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది. వేలు దగ్గర పెట్టి చూశాను, తాకలేదు. చెంబు పిడి చుట్టూ మడిచిన వేళ్ళు విడివిడిగా కనబడుతున్నాయి. సంతను నమ్ముకున్న ఊరికి దొంగ కొలతను మించిన పాపం ఏముంటుంది! అది దేవుడి ఎదుట చెక్కిపెట్టుకున్నారు. పొద్దున ముల్లు నిలిచేదాకా ఆగిన ఆ పెద్దాయన చెయ్యి గుర్తొచ్చింది.

చర్చి బయట ఉత్తరపు గోడకు హౌస్‌మన్ అనే కవి పేరుతో ఫలకం ఉంది. 1936లో పోయాక ఆయన అస్థికలు ఇక్కడ పాతిపెట్టారు. ఒక దండం పెట్టుకుని వచ్చేశాం.

సాయంత్రం వంట. కందిపప్పు కుక్కర్లో పెట్టి, రూబార్బ్ కాడలు అంగుళం ముక్కలు కోసి, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డ వేసి మగ్గబెట్టాను. చింతపండు అక్కర్లేదు. ఐదు నిమిషాల్లో ముక్క కరిగి గుజ్జయిపోతుంది. పులుపు గోంగూరంత మొరటుగా ఉండదు, కాస్త పండు వాసన తగులుతుంది. ఉప్పు మామూలు కన్నా కొంచెం ఎక్కువే పడుతుంది. పోపులో ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఇంగువ వేశాను. ఇక్కడే తప్పు చేశాను. కరెంటు పొయ్యి వేడి మనం తగ్గించినా వెంటనే తగ్గదు. నూనె పొగొచ్చింది, మిరపకాయ మాడింది, కప్పు మీది పొగ అలారం చెవులు చిల్లులు పడేలా మోగింది. మా ఆయన తువ్వాలు పట్టుకుని దాని కింద విసిరారు, నేను పొడుగు కిటికీలన్నీ ఎత్తాను. నిమిషం కూడా కాలేదు, కింద దుకాణం ఆమె పరుగున మెట్లెక్కి వచ్చింది. ఈ ఇళ్ళల్లో లోపలంతా చెక్కే కదా, భయపడింది పాపం. చేతులు జోడించి క్షమించమన్నాను. ఆమె గాలి పీల్చి, వాసన బాగుందే అంది. చిన్న గిన్నెలో పప్పు, అన్నం పెట్టి ఇచ్చాను. సోమవారం మాకు కుర్చీ వేసిన మనిషికి ఇంటికొస్తే పెట్టడానికి మాకొక ఇల్లంటూ ఉంది, అదే నాకు సంతోషం.

గురువారం

రైలు ఎక్కి ఒక్క స్టేషన్, క్రేవెన్ ఆర్మ్స్. అక్కడి నుంచి నడిచి స్టోక్‌సే కోటకు పోయాం. కోట అంటారు కానీ అది ఉన్ని వ్యాపారి ఇల్లు. లారెన్స్ ఆఫ్ లడ్లో అనే ఆయన, ఆ కాలంలో ఇంగ్లండ్‌లోనే గొప్ప ఉన్ని వ్యాపారుల్లో ఒకడు, 1281లో ఈ చోటు కొని కట్టించాడు. ఉన్ని మీద రాజు పెద్ద పన్ను వేయడంలో ఈయన చెయ్యి ఉంది. 1294లో ఉన్ని ఓడతో పాటే సముద్రంలో మునిగిపోయాడు. తోటి వ్యాపారులకు చేసిన ద్రోహానికి శిక్ష అని అప్పటివాళ్ళు రాసిపెట్టారు. చూడండి, ఇక్కడా లెక్కకు లెక్క.

పెద్ద హాలు మధ్యలో నేల మీద పొయ్యి గద్దె. పొగగొట్టం లేదు. పొగ దూలాల్లోంచే పైకి పోయేది. మెట్లు చూడాలి, ఒక్కో మెట్టు ఒక్కో చెట్టు మానులోంచి నిండుగా కోసింది, ఏడువందల ఏళ్ళ అడుగులకు అరిగినా గట్టిగా ఉంది. నిన్న మా పొగకు అంత గోల అయింది కదా, ఆ గద్దె దగ్గర నిలబడి మా ఆయన ఏమీ అనకుండా పైకప్పు చూపించారు.

తిరిగొచ్చి మాంసం కొట్టుకు పోయాం. ఎముకతో, చిన్న ముక్కలు కావాలన్నాను. ఇక్కడ పెద్ద పెద్ద ముక్కలే అమ్ముతారు. ఎంత చిన్నవి అని అడిగితే బొటనవేలు చూపించాను. ఓపికగా కొట్టి ఇచ్చాడు. రాత్రికి రాగి సంగటి, పులుసు. సంగటి కెలకడానికి తెడ్డు లేదు, చెక్క గరిటె కాడతో కెలికాను, అరచేయి కందిపోయింది. ముద్ద మాత్రం ఉండ కట్టకుండా వచ్చింది.

తినేశాక వెలుగు ఉండగానే లడ్‌ఫర్డ్ వంతెన దాటి విట్‌క్లిఫ్ గట్టు ఎక్కాం. ఎదురుగా ఊరంతా, కోటా గోపురమూ ఒక్క చూపులో. కింద నది రాతి కట్టల మీద దూకుతున్న చప్పుడు. ఊరి పేరులోని మొదటి ముక్కకు అర్థం ఆ హోరేనట. ఈ గట్టు రాయికి ప్రపంచంలో పేరుంది. నలభై రెండు కోట్ల ఏళ్ళ కిందటి సముద్రపు అడుగు ఇది. వంతెన దగ్గరి మలుపులో చేపల పొలుసులు, ముళ్ళు నిండిన సన్నటి పొర ఉంది. ఆ కాలపు రాళ్ళకు భూగర్భ శాస్త్రవేత్తలు లడ్లో పేరే పెట్టుకున్నారు. మా జిల్లాకూ ఆ గౌరవం ఉంది: వంద కోట్ల ఏళ్ళు దాటిన మా రాళ్ళ వరసను వాళ్ళు కడప పేరుతోనే పిలుస్తారు. మా ఇంట్లో నేల, వంటింటి గట్టు, మిద్దె మెట్లు, అన్నీ కడప బండలే. ఆ రాయి మీద పెరిగిన మనిషిని ఈ రాయి మీద కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

శుక్రవారం

పది గంటలకు ఖాళీ చేయాలి. ఆరింటికే లేచి పొయ్యి పలక తుడిచి, గిన్నెలు ఎక్కడివక్కడ పెట్టి, చెత్త ఫైలులో చెప్పినట్టు వేరు చేశాను. ఇంగువ వాసన పోవాలని కిటికీలు తెరిచి ఉంచాను. తాళంచెవి పెట్టెలో పెట్టి అంకెలు కలిపేశాం. దుకాణం ఆమె గిన్నె కడిగి, అందులో నాలుగు స్ట్రాబెర్రీలు వేసి తిరిగిచ్చింది. ఉత్త గిన్నె తిరిగి ఇవ్వకూడదని ఈమెకు ఎవరు చెప్పారో!

రైలుకు గంట టైముంది. సంతలో ఆ పెద్దాయన మమ్మల్ని చూడగానే గుర్తుపట్టి, "పప్పు ఎలా వచ్చింది?" అని అడిగాడు. ఆ మాట ఆయన నోట "దాల్" అని పలికింది. బాగా వచ్చింది, ఇంకో కిలో ఇవ్వండి, మా అమ్మాయికి అన్నాను. తూచాడు. ముల్లు నిలిచింది. అప్పుడు మోపులోంచి ఇంకో కాడ తీసి, ఆకు కోసేసి, తూచకుండా సంచిలో పెట్టాడు.